గుంత పూడ్చి కట్టిన వేదిక

కబ్బన్‌పేటలో గోపాలప్ప ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేసే పాతకాలపు మగ్గాలు. ఒకటి తాత పెట్టింది, ఒకటి తండ్రి పెట్టింది. 1954లో శ్రావణమాసం రాగానే గోపాలప్ప ఆ రెంటిలో ఒకదాన్ని విప్పి గోడకు ఆనించాడు. బుట్టలతో మట్టి మోసి గుంత పూడ్చాడు. దాని మీద మోకాలెత్తు అరుగు కట్టి కడప బండలు పరిచాడు. బండలు పరచడం అయ్యాక భార్య అక్కయమ్మ, ఇన్నేళ్ళు కూడు పెట్టిన గుంతను పూడ్చిపెట్టావు, ఇక దీని మీద ఎవరు వచ్చి కూర్చుంటారో చూస్తానని చెప్పి, చీపురు తెచ్చి ఆ అరుగు తనే శుభ్రంగా ఊడ్చింది.

గోపాలప్ప పట్టుచీరలు నేసేవాడు. ఫిడేలు అతనికి చిన్నప్పుడే అబ్బింది. కోలారు వైపు నుంచి వచ్చి పక్క సందులో అద్దెకున్న ఒక ముసలి విద్వాంసుడు, సాయంత్రాలు తోడు లేక, ఈ కుర్రవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఆ ముసలాయన పోయేనాటికి గోపాలప్ప ఏ పెద్ద గాత్రానికైనా పక్కన కూర్చుని వాయించగలిగేవాడు. కానీ ఎవరూ కూర్చోబెట్టలేదు. పేటలో రామనవమి పందిళ్ళు ఎన్ని వెలిసినా, మగ్గాల వీధివాణ్ణి పెళ్ళి ఊరేగింపులకు పిలిచారు గానీ కచేరీకి పిలవలేదు. చివరికి ఒకరు పిలిచేసరికి అతనికి నలభై దాటాయి. పట్టుదారాలు కోసుకుని కోసుకుని వేళ్ళ చివరలు కాయలు కాశాయి. వేగంగా వెళ్ళవలసిన చోట వేలు తంతికి పట్టుకునేది. ఆ కచేరీ ఒకలా ముగించుకుని వచ్చి, ఇక తన సంగతి వదిలేశాడు.

వదలలేనిది ఇంకొకటి ఉంది. ఆ సందుల్లో తన దగ్గర నేర్చుకున్న పిల్లలు, బాగా వాయించేవాళ్ళు కూడా, ఇరవై ఏళ్ళు వచ్చేసరికి వాయిద్యం అటక మీద పెట్టేసేవారు. వినేవాళ్ళు లేక సంగీతం ఎండిపోతుందని గోపాలప్పకు తెలుసు. అందుకే ఆ అరుగు. ప్రతి ఏకాదశి సాయంత్రం అక్కడ కచేరీ. పెద్ద విద్వాంసులకు చోటు లేదు, పాతికేళ్ళ లోపు వాళ్ళే వాయించాలి, పాడాలి. ఒక్క షరతు పెట్టాడు. అరుగు ఎక్కినవాడు తన ఊళ్ళోనో వీధిలోనో వారానికి ఒక పూట పిల్లలకు చెప్పాలి, అక్కడ కూడా నాలుగు కచేరీలు జరిగేలా చూడాలి. బొమ్మనహళ్ళిలో ఒక అమ్మాయి అలాగే మొదలుపెట్టింది, కాడుగోడిలో ఇంకొకడు. సందులో జనం మొదట నవ్వారు. తర్వాత చాపలు తెచ్చుకుని వచ్చి కూర్చున్నారు. అక్కయమ్మ వచ్చినవాళ్ళందరికీ బెల్లం పానకం ఇచ్చేది.

ఆవులప్ప ఆ అరుగు దగ్గరికి వచ్చింది 1957లో. వర్తూరు అనే పల్లె పిల్లవాడు. తండ్రి లేడు. తల్లి సొన్నమ్మ పొలాల్లో కూలికి వెళ్ళేది. ఊరి భజనలో ఎవరో వదిలేసిన ఫిడేలు తీసుకుని తనంతట తానే గీసుకుంటూ ఉన్న పదిహేడేళ్ళవాడు, ఏకాదశి కచేరీ సంగతి విని బస్సెక్కి వచ్చాడు. ఆ సాయంత్రం జనం ఎక్కువై లోపల చోటు లేక బయట సందులో నిలబడ్డాడు. కచేరీ నడుమ గోపాలప్ప నీళ్ళు తాగడానికి బయటికి వస్తే, ఫిడేలు మూడో తంతి కొంచెం దిగి ఉండాదని మెల్లగా చెప్పాడు. గోపాలప్పకూ అదే అనుమానం ఉంది కానీ, అరుగుకు అంత దగ్గర కూర్చుని కూడా తేల్చుకోలేకపోయాడు. ఆ రాత్రి పిల్లవాణ్ణి ఊరికి పోనివ్వలేదు.

రెండేళ్ళు వారానికి రెండుసార్లు ఆవులప్ప వర్తూరు నుంచి వచ్చి పాఠం చెప్పించుకున్నాడు. అటువంటి చెవి గోపాలప్ప ఇంతకు ముందు చూడలేదు. ఒకసారి విన్న సంగతి మళ్ళీ చెప్పనక్కరలేదు. కాంభోజి రాగం ఎత్తుకుంటే, ఇరవై ఏళ్ళు సాధన చేసినవాడికి గానీ పట్టుబడని నిదానం వాడి కమానులో ఉండేది. అయితే సొన్నమ్మకు వానలు వచ్చేసరికి కొడుకు పొలంలో కావాలి. పాఠం మానిపిస్తానని కబురు పెట్టింది. గోపాలప్ప తానే వర్తూరు వెళ్ళాడు.

“అమ్మా, ఈ పిల్లోడి చెవి దేవుడిచ్చినది. దాన్ని పొలం గట్టున పారేయొద్దు. పేటలో వీడికి కెలసం నేను చూపిస్తాను. నా బిడ్డ మాదిరి చూసుకుంటాను” అన్నాడు.

సొన్నమ్మ కొడుకు వైపు చూసింది. “చూసుకో సామీ. నాకు ఆడొక్కడే ఉండాడు” అంది.

చూపించిన పని ఎదురింట్లోదే. గోపాలప్పకు ఎదురిల్లు లక్ష్మీనారాయణది. అతను గుంత మగ్గాలు తీసేసి కరెంటు మగ్గాలు పెట్టాడు. వీధిలో మొదట అతనే పెట్టాడు. ఏకాదశి సభకు పెట్రొమాక్సు దీపం, చాపలు ఇచ్చింది కూడా అతనే. మంచివాడు. గోపాలప్ప అడగగానే ఆవులప్పను చేర్చుకుని, రెండు యంత్రాలు అప్పగించాడు. సాయంత్రాలు పాఠానికి వదిలేశాడు. ఏకాదశి నాడు కచేరీ ఉన్నంతసేపూ యంత్రాలన్నీ ఆపించేవాడు. అవి ఆగిన క్షణంలో వీధికి ఒక విచిత్రమైన నిశ్శబ్దం వచ్చేది. దాని కోసమే కొందరు ముసలివాళ్ళు ముందుగా వచ్చి కూర్చునేవారు.

ఆ షెడ్డులో ఎనిమిది యంత్రాలు. రేకుల కప్పు. పోగును మోసుకుపోయే నాడె అటూ ఇటూ కొట్టుకునే మోత గోడలకు తగిలి మళ్ళీ మీద పడేది. లోపల పనిచేసేవాళ్ళు చేతులతోనే మాట్లాడుకునేవారు. గోపాలప్ప ఒకసారి లోపలికి వెళ్ళి వచ్చి, చెవుల్లో పెట్టుకొమ్మని ఆవులప్పకు దూది ఇచ్చాడు. కొన్నాళ్ళు పెట్టుకున్నాడు. కానీ మోతలో తేడా పట్టుకుని యంత్రం ఆపకపోతే పోగులు తెగి గుడ్డంతా పాడవుతుంది. దూది ఉంటే ఆ తేడా తెలియడం లేదని తీసేశాడు. గోపాలప్ప ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ఎందుకు అడగలేదని చాలా ఏళ్ళ తర్వాత తనను తాను ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాడు.

ఎందుకంటే ఆ రోజుల్లో అతని ధ్యాసంతా వేరే ఉండేది. పేటలో రామనవమికి పెద్ద పందిరి వేసే ఒక సభ ఉంది. దాని కార్యదర్శి దగ్గరికి గోపాలప్ప ఏటా వెళ్ళి, ఒక్క పూట మా పిల్లలకు ఇవ్వండి అని అడిగేవాడు. ఏటా వచ్చే ఏడు చూద్దాం అనేవారు. 1961లో, మధ్యాహ్నం ఎండలో ఎవరూ పాడడానికి ఒప్పుకోని వేళ ఒకటి మిగిలింది. దాన్ని ఇచ్చారు. ఆవులప్ప ఒంటిగా వాయించాలి.

పందిట్లో ఎక్కువమంది లేరు. పానకం కోసం వచ్చినవాళ్ళు, నీడకు వచ్చినవాళ్ళు. ఆవులప్ప కళ్ళు మూసుకుని కాంభోజి ఎత్తుకున్నాడు. నీడకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోవడం మరిచారు. సాయంత్రం కచేరీకి మైసూరు నుంచి వచ్చిన ఒక పెద్ద గాయకుడు, వెనక గదిలో పడుకున్నవాడు లేచి వచ్చి, పక్కన స్తంభానికి ఆనుకుని చివరిదాకా నిలబడి విన్నాడు. అయిపోయాక, ఇక నుంచి ఈ ఊళ్ళో నా కచేరీ ఉంటే పక్క వాద్యం నీదే అన్నాడు. గోపాలప్ప ఆ రోజు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. అక్కయమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

అది మొదలు రెండేళ్ళు మంచి కాలం. ఆవులప్పకు పెళ్ళయింది, పేటలోనే కాపురం పెట్టాడు. గాయకుడు వచ్చినప్పుడల్లా పిలిచేవాడు. షరతు ప్రకారం ఆవులప్ప ప్రతి ఆదివారం వర్తూరు వెళ్ళి బడి వరండాలో పిల్లలకు పాఠం చెప్పేవాడు. రైతుల పిల్లలు, కుమ్మరి పిల్లలు. ఒక ఏడు ఉగాదికి వాళ్ళ చేతే ఊళ్ళో కచేరీ చేయించాడు. వర్తూరులో అటువంటిది జరగడం అదే మొదలు. తన తర్వాత ఏకాదశి సభను నడిపేది ఇతనే అని గోపాలప్ప నలుగురిలో చెప్పుకునేవాడు.

తేడా ఎప్పుడు మొదలైందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పై తంతి మోగడం లేదని ఆవులప్ప మాటిమాటికీ కొత్త తంతి మార్చేవాడు. కమానుకు గుగ్గిలం జాస్తిగా రుద్ది గట్టిగా నొక్కేవాడు. నాదం గరుకుగా వచ్చేది. పనికి అలిసిపోయాడని గోపాలప్ప అనుకున్నాడు. ఎవరు మాట్లాడినా ఆవులప్ప వాళ్ళ ముఖంలోకే చూస్తూ వినేవాడు. దాన్ని వినయం అనుకున్నాడు.

1963 దసరాకు ఆ మైసూరు గాయకుడి కచేరీ జరిగింది. గోపాలప్ప ముందు వరుసలో కూర్చున్నాడు. రాగం ఆలాపన పై స్థాయిలో సన్నగా ముగించి గాయకుడు ఆగాడు. అందుకోవలసిన ఫిడేలు అందుకోలేదు. గాయకుడు ఇటు తిరిగి చూశాడు. అప్పుడు అందుకున్నాడు, వెంట్రుకవాసి పైన. గాయకుడు శృతి చూసుకోమని సైగ చేశాడు. ఆవులప్ప బిరడాలు తిప్పాడు. ఇంకా పైకి పోయింది. మళ్ళీ సైగ చేశాడు. మూడోసారి గాయకుడు సైగ చేయలేదు. ఆవులప్ప చేతి మీద మెల్లగా చెయ్యి వేసి కమాను దించాడు. మిగిలిన కచేరీ మృదంగంతోనే పాడి ముగించాడు. ఆవులప్ప ఒళ్ళో ఫిడేలు పెట్టుకుని, తల వంచుకుని వేదిక మీదే కూర్చున్నాడు. లేచి వెళ్ళడం మర్యాద కాదు కదా.

ఆ తర్వాత గాయకుడు గోపాలప్పను పక్కకు పిలిచి, కోపం లేకుండానే, ఈ అబ్బాయిని డాక్టరుకు చూపించండి అన్నాడు. చాలా కాలంగా ఇతను నా గొంతు వినడం లేదు, నా పెదవులు చూసి వాయిస్తున్నాడు, ఇన్నాళ్ళు ఎలా వాయించాడో నాకు తెలియడం లేదు అన్నాడు.

ఇంటికి నడుస్తూ దారిలో గోపాలప్ప నిలబెట్టి అడిగాడు. దాచడానికి ఇక ఏమీ లేదని ఆవులప్పకూ అర్థమైంది.

“చెవిలో ఒక కూత ఉండాది మేష్ట్రే. రాత్రీ పగలూ ఆగదు. తంబూర మీటితే ఆ కూతే ముందు ఇనబడతాది. నేను దేనికి శృతి చేస్తా ఉండానో నాకే తెలీదు.”

“ఎన్నాళ్ళ నుంచిరా?”

“మీకు చెప్తే ఫిడేలు మానిపిస్తారని చెప్పలేదు.”

పెద్దాసుపత్రిలో డాక్టరు చాలాసేపు పరీక్షించి, లోపల నరం దెబ్బతిన్నదన్నాడు. యంత్రాల మోత వల్లే. పోయింది తిరిగి రాదు, మందు లేదు, ఆ పని మానేస్తే ఉన్నదైనా నిలుస్తుంది అన్నాడు. ఆ పని ఎవరు చూపించారో డాక్టరుకు తెలియదు. ఆవులప్పకు తెలుసు, కానీ ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఒక్కమాట అనలేదు. అనివుంటే బాగుండేదని గోపాలప్పకు అనిపించేది.

వేరే పని కోసం గోపాలప్ప తిరగని చోటు లేదు. బడుల్లో జవానుగా అడిగాడు, మిల్లుల్లో అడిగాడు, అవెన్యూ రోడ్డులో తెలిసిన ప్రతి కొట్టులో అడిగాడు. చెవుడు అనగానే తల అడ్డంగా తిప్పేవారు. చెవుడున్నవాడికి ఇబ్బంది లేని చోటు ఒక్క కరెంటు మగ్గాల షెడ్డే. ఊళ్ళో తల్లి, ఇంట్లో భార్య, నెలల బిడ్డ. ఆవులప్ప తిరిగి అక్కడికే వెళ్ళాడు. లక్ష్మీనారాయణ జాలిపడి ఇంకో యంత్రం కూడా అప్పగించి కూలి పెంచాడు.

వాయించడం పోయినా సభ నడపవచ్చు, పిల్లలకు చెప్పవచ్చు అని గోపాలప్ప పట్టు పట్టాడు. తాళం కంటికి కనబడుతుంది, వేలు ఎక్కడ పడుతుందో కనబడుతుంది, మిగిలింది నీ తలలో ఉండాది కదా అని చెప్పాడు. ఆవులప్ప సరే అన్నాడు. ఏకాదశి నాడు ముందు కూర్చుని పిల్లల కమాను చేతులనే కన్నార్పకుండా చూసేవాడు. ఆదివారం వర్తూరు పాఠం మానలేదు.

ఒక ఆదివారం గోపాలప్పకు ఆ పాఠం చూడాలనిపించింది. చెప్పకుండా బస్సెక్కి వర్తూరు వెళ్ళాడు. బడి దగ్గరికి వచ్చేసరికి ఏ శబ్దమూ లేదు. ఈ వారం పాఠం లేదేమో అనుకుని వరండా మలుపు తిరిగాడు. పిల్లలందరూ వరసగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఆవులప్ప తొడ మీద తాళం వేస్తున్నాడు. పిల్లలు నోళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు. స్వరాలకు సరిగ్గా పెదవులు కదుపుతున్నారు. గొంతు ఒక్కరిదీ లేదు. చివర కూర్చున్న ఇద్దరు నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నారు. ఆవులప్ప తృప్తిగా తల ఊపుతూ, శభాష్ అంటున్నాడు.

గోపాలప్పను చూసి పిల్లలు బిగుసుకుపోయారు. అతను తిట్టలేదు. చెప్పులు విడిచి, వాళ్ళ వరసలోనే చివర కూర్చుని, ఆ స్వరాలు తానే గొంతెత్తి పాడడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఒక పిల్ల ఏడుస్తూ పాడింది. ఆవులప్ప గురువును చూసి మురిసిపోయి, తాళం ఇంకా ఉత్సాహంగా వేశాడు.

తిరుగు బస్సులో ఆవులప్ప అడిగాడు. “ఎట్లా పాడినారు మేష్ట్రే, పిల్లోళ్ళు?”

గోపాలప్ప అతని వైపు ముఖం తిప్పి, కనబడేలా నిదానంగా పెదవులు కదిపి, “బాగా పాడినారప్పా” అన్నాడు.

అయితే ఊళ్ళో ఏదీ దాగదు. తర్వాతి ఆదివారం లోపే ఎవరో సొన్నమ్మకు చెప్పారు. సొన్నమ్మ కొడుక్కు చెప్పింది. ఆవులప్ప ఆ తర్వాత వర్తూరు పాఠానికి వెళ్ళలేదు, ఏకాదశికీ రాలేదు. గోపాలప్ప రెండు మూడుసార్లు ఇంటికి వెళ్ళి పిలిచాడు. ఆవులప్ప లోపలి నుంచి ఫిడేలు తెచ్చి, మీ దగ్గర ఎవరైనా పిల్లలుంటే ఇవ్వండి అని చేతిలో పెట్టాడు. దాన్ని బొమ్మనహళ్ళి అమ్మాయి తన పాఠానికి తీసుకుపోయింది. మరో ఏడాదికి ఆమెకు హుబ్బళ్ళి వైపు సంబంధం కుదిరింది. ఆ పాఠమూ ఆగిపోయింది.

ఈలోగా సందు మారిపోయింది. లక్ష్మీనారాయణను చూసి ఒక్కొక్క ఇంట్లో కరెంటు మగ్గాలు వచ్చాయి. అతను ఆపినా పక్కవాళ్ళు ఆపరు. గోపాలప్ప ఇల్లిల్లూ తిరిగి ఏకాదశి నాడు రెండు గంటలు యంత్రాలు ఆపమని అడిగాడు. మొదట్లో ఆపారు. తర్వాత, ఆర్డరు ఉండాది మేష్ట్రే, వచ్చే ఏకాదశికి చూద్దాం అన్నారు. ఆ మోతలో ఒక సాయంత్రం ఒక కుర్రవాడు అరుగు మీద కూర్చుని పాడితే, ముందు వరుసలో ఉన్నవాళ్ళకే ఏ రాగమో తెలియలేదు. వాడు సగంలో ఆపి దిగిపోయాడు. 1965లో అక్కయమ్మ పోయింది. ఆమె మాసికం వచ్చేలోపే సభ ఆగిపోయింది. ఆపుతున్నానని గోపాలప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ నెల ఏకాదశికి ఎవరూ రాలేదు, అంతే.

గోపాలప్ప కొడుకు మునిరాజు తమ ఇంట్లో కూడా కరెంటు మగ్గాలు పెడతానన్నాడు. పిల్లలున్నవాడు, చేతి మగ్గంతో గడవదు. గోపాలప్ప కాదనలేదు. అరుగు పగలగొట్టే రోజు మాత్రం ఇంట్లో ఉండలేక కాడుగోడిలో కూతురి ఇంటికి వెళ్ళాడు. అలా వెళ్ళినవాడు అక్కడే ఉండిపోయాడు. చెయ్యి వణుకు మొదలై ఫిడేలు పట్టుకోవడం కూడా మానేశాడు.

1968లో మనవడి నామకరణానికి పేటకు వచ్చినప్పుడు, తిరిగి వెళ్ళే ముందు లక్ష్మీనారాయణ షెడ్డు గుమ్మం దగ్గర ఆగాడు. ఆవులప్ప నాలుగు యంత్రాల నడుమ తిరుగుతున్నాడు. ముప్పై దాటలేదు, జుట్టు నెరిసింది. గురువును చూసి పరుగున వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. ఆరోగ్యం ఎట్లా ఉందని చేతితో అడిగాడు. గోపాలప్ప తల ఊపాడు. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని సైగ చేశాడు.

ఆవులప్ప నోరు అతని చెవి దగ్గర పెట్టి, తన గొంతు తనకే తెలియనివాడిలా అరిచి చెప్పాడు. “కూతురికి ఐదేండ్లు మేష్ట్రే. బాగా పాడతాదంట. అందరూ చెప్తా ఉండారు. పాట చెప్పించమని మా అమ్మ అడిగింది. వద్దన్నాను. సరిగా పాడతా ఉండాదో లేదో నాకెట్లా తెలుస్తాది?”

గోపాలప్ప, “నా దగ్గరికి తీసుకొని రా, నేను చెప్తాను” అన్నాడు.

అప్పటికే ఆవులప్ప వెనక్కి తిరిగాడు. ఒక యంత్రంలో పోగు తెగినట్టుంది, చూపు దాని మీదికి పోయింది. మోతలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఇంకొకసారి చెబుదామా అని గోపాలప్ప గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత కాడుగోడి బస్సుకు వేళయిందని నడక సాగించాడు.